గది 33, ప్రాసెసర్ 100: పెదవాల్తేరు స్టూడియో పీసీకి ఎయిర్ కూలర్ ఎంపిక, బిగింపు

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక స్టూడియో వాళ్ల కంప్యూటర్ ఇది. స్టూడియో విశాఖలోని పెదవాల్తేరులో, రెండో అంతస్తులో ఉంది. తూర్పు కిటికీ తెరిస్తే సముద్రపు గాలి నేరుగా గదిలోకి వస్తుంది. మే నెల, ముహూర్తాల హడావుడి. ఓనర్ గారు చెప్పింది రెండే మాటలు. ఎక్స్‌పోర్ట్ పెడితే ఫ్యాన్ చెవులు పగిలేలా అరుస్తోంది. పొద్దున పూట అరగంటలో అయ్యే ఫైలు మధ్యాహ్నం పెడితే నలభై నిమిషాలు దాటుతోంది. వైరస్ ఏమోనని విండోస్ మళ్లీ వేయించారు, తేడా రాలేదు.

అసలు జబ్బు ఆ రెండో మాటలోనే ఉంది. అదే ఫైలు, అదే సాఫ్ట్‌వేర్. పొద్దుటికీ మధ్యాహ్నానికీ మారేది గదిలో వేడి ఒక్కటే. ఏసీ ఉంది కానీ కస్టమర్లు ఆల్బమ్ చూసుకోవడానికి వచ్చినప్పుడే వేస్తారు. మిగతా సమయమంతా సీలింగ్ ఫ్యాన్, తెరిచిన కిటికీ.

మెషీన్ బలంగానే ఉంది. ఇంటెల్ కోర్ ఐ7-12700, బీ660 చిప్‌సెట్ మదర్‌బోర్డు, 32 జీబీ ర్యామ్, మంచి గ్రాఫిక్స్ కార్డు. ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడి తీసే కూలర్ మాత్రం ప్రాసెసర్ డబ్బాలో వచ్చినదే. క్యాబినెట్ ముందు భాగం మొత్తం గాజు. దాని వెనక రంగు లైట్ల ఫ్యాన్లు మూడు, గాజు పక్కన వేలు దూరనంత సందు. చూడ్డానికి చాలా బాగుంటుంది. గాలి ఎటు నుంచి రావాలో మాత్రం కట్టినవాళ్లు ఆలోచించలేదు.

ఇలాంటి కేసు వస్తే షాపుల్లో వెంటనే వచ్చే సలహా "పెద్ద కూలర్ వేసేయండి" అని. చివరికి నేనూ పెద్ద కూలరే వేశాను. కానీ ఎంత పెద్దది, దానితో ఎన్ని వాట్లు మోయించాలి, అది రాకముందే సరిచేయాల్సినవి ఏమిటి అన్నవి కొలిస్తే తప్ప తెలియవు. విశాఖలో పని చేసేవాళ్లు ఈ కొలతలు తప్పకుండా తీయాలి. కూలర్ల రివ్యూలు ఎక్కువగా 20, 25 డిగ్రీల గదుల్లో చేసినవి. అందులో ప్రాసెసర్ 70 డిగ్రీలు అని చూసి కొంటే మన గదిలో అది 80 అవుతుంది.

ముందు కొలతలు

ఎయిర్ కూలర్ ప్రాసెసర్ వేడిని గాలిలోకి వదులుతుంది, అంతే. ఆ గాలి ఎంత వేడిగా ఉందో అంతకన్నా కిందికి అది దించలేదు. అందుకే నేను ఎప్పుడూ ప్రాసెసర్ డిగ్రీలను విడిగా రాసుకోను, గది మీద ఎన్ని డిగ్రీలు, అంటే గది వేడి కన్నా ఎంత ఎక్కువ అని రాసుకుంటాను. మామూలు డిజిటల్ థర్మామీటర్ ఒకటి క్యాబినెట్ ముందు, గాలి లోపలికి పోయే చోట పెట్టాను. 33 చూపించింది.

కంప్యూటర్‌లో లోపలి వేడి, పవర్ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం తెరిచి మూడు అంకెలు కనబడేలా పెట్టుకున్నాను. ప్రాసెసర్ ప్యాకేజీ వేడి, ప్యాకేజీ పవర్ వాట్లలో, క్లాక్ వేగం. తర్వాత ప్రాసెసర్ మీద పూర్తి భారం పెట్టే సినీబెంచ్ ఆర్23 అనే ప్రోగ్రాంలో మల్టీకోర్ పది నిమిషాల పరీక్ష నడిపాను. కొంతమంది ప్రైమ్95 వాడతారు. అది రోజువారీ ఏ పనీ పెట్టనంత భారం పెడుతుంది. దాన్ని చూసి కూలర్ ఎంచితే అవసరం లేనిదానికి డబ్బు పోస్తాం. వీడియో రెండరింగ్‌కు సినీబెంచ్ దగ్గరగా ఉంటుంది.

పరీక్ష మొదలైన కొన్ని సెకన్లు పవర్ 170 వాట్లు దాటింది. పది సెకన్ల లోపే వేడి 100 తాకింది. ఈ ప్రాసెసర్‌కు ఇంటెల్ పెట్టిన హద్దు అదే. అక్కడికి చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. పవర్ దిగుతూ దిగుతూ 95 వాట్ల దగ్గర నిలబడింది, వేడి మాత్రం 100 మీదే ఉంది. స్టూడియో వాళ్లు 180 వాట్ల దాకా పని చేయగల ప్రాసెసర్ కొని, మధ్యాహ్నం పూట దాదాపు సగంతోనే పని చేయించుకుంటున్నారన్నమాట.

ఐ7-12700 మీద 65 వాట్లు అని రాసి ఉంటుంది. అది మూల పవర్. టర్బోలో, అంటే వేగం పెంచుకున్నప్పుడు, 180 వాట్ల దాకా వెళ్లవచ్చని కూడా ఇంటెల్ చెబుతుంది. ఇంటెల్ లెక్కలో ఆ 180 కొద్ది సెకన్లకే, తర్వాత 65కు దిగాలి. కానీ చాలా మదర్‌బోర్డులు ఈ హద్దును ఎత్తేసి వస్తాయి. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులు ఉండే చోట) చూస్తే పవర్ లిమిట్ 4096 వాట్లు అని ఉంటుంది, అంటే హద్దే లేదని అర్థం. ఈ బోర్డులోనూ అదే ఉంది. డబ్బాలో వచ్చే కూలర్ మూల పవర్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినది. దాని మీద హద్దు లేని భారం పడేస్తే తప్పు కూలర్‌ది కాదు.

100 దగ్గర ఇరుక్కున్న ప్రాసెసర్‌తో పోలికలు పెట్టుకోలేం. ఏం మార్చినా వేడి 100 అనే చూపిస్తుంది, మారేది పవరే. కాబట్టి బయోస్‌లో రెండు పవర్ లిమిట్లనూ, అంటే కొద్ది సెకన్లదాన్నీ ఆ తర్వాతదాన్నీ, 80 వాట్లకు కట్టేశాను. ఇప్పుడు పవర్ కదలదు, వేడి మాత్రమే కదులుతుంది. ఒక్కో మార్పూ చేసి, అదే పరీక్ష పెట్టి, ఎంత తగ్గిందో చూడవచ్చు.

80 వాట్ల దగ్గర మొదటి లెక్క 90 డిగ్రీలు. అంటే గది మీద 57. క్యాబినెట్ ముందు గాజు ఊడదీసి మళ్లీ నడిపితే 84కు దిగింది. కూలర్ ముట్టుకోకుండానే ఆరు డిగ్రీలు. మూడు ఫ్యాన్లూ తిరుగుతున్నా గాజు వాటికి గాలి అందనివ్వడం లేదు. కిటికీలన్నీ మూసి ఫ్యాన్ కింద కూర్చున్నట్టు, లోపలి వేడి గాలే లోపల తిరుగుతోంది.

తర్వాత పాత కూలర్ విప్పాను. ప్రాసెసర్ మూతకూ కూలర్‌కూ మధ్య సందు నింపి వేడిని దాటించేది థర్మల్ పేస్ట్. విప్పగానే మూత మీద ఉన్న ఆ పేస్ట్ అచ్చు చూడటం నా అలవాటు. ఒక పక్క పేస్ట్ పల్చగా, దాదాపు లోహం కనబడేలా ఉంది. ఎదురు మూలలో మాత్రం మందంగా, మెత్తగా ఉంది. నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి బోర్డు వెనక్కి పూర్తిగా దిగలేదు. కూలర్ మొదటి రోజు నుంచీ ఒక మూల లేచే ఉంది. ఇది అరుదైన సంగతేమీ కాదు. ఈ పిన్నులు దిగినట్టు "టక్" మంటాయి, కానీ బోర్డు వెనక వైపు చూస్తేనే నల్లటి పిన్ను తెల్లటి కాళ్ల మధ్య నుంచి బయటికి వచ్చిందో లేదో తెలుస్తుంది. క్యాబినెట్‌లో పెట్టాక వెనక చూసేవాళ్లు తక్కువ.

కూలర్ ఫిన్ల (వేడిని గాలిలోకి వదిలే పల్చటి రేకుల) మధ్య బూడిద రంగు పొర పేరుకుని ఉంది. బ్లోయర్ కొడితే ఎగరలేదు. చేత్తో తాకితే కాస్త జిగటగా ఉంది. మన ఊరి దుమ్ముకు ఈ గుణం ఎందుకొస్తుందో కింద చెబుతాను. బ్రష్షుతో తీసి, కొత్త పేస్ట్ వేసి, అదే పాత కూలర్‌ను నాలుగు పిన్నులూ సరిగా దించి మళ్లీ బిగించాను. గాజు పెట్టి కొలిస్తే 83. గాజు తీసి కొలిస్తే 79.

ఒక్క రూపాయి సామాను కొనకముందే 90 నుంచి 79కు వచ్చాం. పనికిరాని కూలర్ అనుకున్నదానిలో సగం తప్పు బిగింపుది, గాజుది, దుమ్ముది. ఇలాంటివి వదిలేసి నేరుగా కొత్త కూలర్ పెడితే దాని పనితనంలో సగం ఈ తప్పుల మీదే ఖర్చవుతుంది.

ఎంపిక

ఓనర్ గారికి అప్పుడు రెండు దారులు చెప్పాను. బయోస్‌లో పవర్ 65 వాట్లకు కట్టేస్తే పాత కూలర్‌తోనే చల్లగా, నెమ్మదిగా నడుస్తుంది. ఆఫీసు లెక్కలు, టైపింగ్ చేసుకునేవాళ్లయితే నేను అక్కడితో ఆపేసేవాణ్ని. కానీ పెళ్లిళ్ల సీజన్లో ఎక్స్‌పోర్ట్ మీద ఎక్స్‌పోర్ట్ పెట్టే స్టూడియోకు ప్రాసెసర్‌ను అంత తక్కువలో ఉంచడం న్యాయం కాదు. పైగా ఇదే గదిలో పాటలు, మాటలు కలుపుతారు. ఫ్యాన్ అరుపు వాళ్ల పనికే అడ్డం.

"తమ్ముడూ, వాటర్ కూలర్ పెట్టించుకోమన్నారు మావాళ్లు. డబ్బుకి చూడకు, మళ్లీ మళ్లీ దీని జోలికి వెళ్లే పని ఉండకూడదు" అన్నారాయన.

"మళ్లీ జోలికి వెళ్లకూడదంటే ఎయిర్ కూలరే మంచిది అన్నయ్యా" అన్నాను. కారణం ఇది. ఎయిర్ కూలర్‌లో కదిలే భాగం ఫ్యాన్ ఒక్కటే. అది పోతే ద్వారకా నగర్‌లో సాయంత్రానికల్లా ఇంకో 120 మి.మీ. ఫ్యాన్ దొరుకుతుంది, రెండు క్లిప్పులు తీసి మార్చేయవచ్చు. వాటర్ కూలర్‌లో నీళ్లను తిప్పే పంపు ఉంటుంది. పంపు ఆగితే మొత్తం యూనిట్ తీసేయాల్సిందే, వారంటీ కింద కొత్తది వచ్చేదాకా మెషీన్ మూలన పడుతుంది. సీజన్ మధ్యలో అది జరిగితే స్టూడియో పని ఆగిపోతుంది. ఇక చల్లబరిచే సూత్రం దగ్గరకు వస్తే, వాటర్ కూలర్ కూడా చివరికి రేడియేటర్ నుంచి ఇదే 33 డిగ్రీల గాలిలోకే వేడిని వదలాలి. 250 వాట్లు మింగే ప్రాసెసర్ అయితే దాని పెద్ద రేడియేటర్ కావాలి. 125 వాట్లకు అక్కర్లేదు.

ఈ 125 ఎక్కడిది అంటారేమో. పవర్ పెంచేకొద్దీ వేగం అదే లెక్కన పెరగదు. పై అంచుల్లో కొద్దిపాటి మెగాహెర్ట్జ్‌ల కోసం వోల్టేజీ బాగా పెరగాలి, వోల్టేజీ పెరిగితే వేడి ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. 125 నుంచి 180 అంటే 44 శాతం ఎక్కువ వేడి. కొత్త కూలర్ పెట్టాక రెండింటి దగ్గరా అదే ఫైలు ఎక్స్‌పోర్ట్ చేసి చూశాను, సమయంలో తేడా పది శాతం కూడా రాలేదు. ఎండాకాలపు విశాఖలో ఆ కొద్దిపాటి తేడా కోసం గదిని కూడా వేడెక్కించడం నాకు ఇష్టం లేదు. కంప్యూటర్ తిన్న ప్రతి వాటూ చివరికి ఆ గదిలోకే వేడిగా వస్తుంది కదా.

అక్కడి నుంచి లెక్క వెనక్కి కట్టాను. గది 36 డిగ్రీల దాకా వెళ్లవచ్చు. ప్రాసెసర్ 85 దాటకూడదు. మధ్యలో 49 ఉంది. క్యాబినెట్ లోపలి గాలి గది కన్నా నాలుగైదు డిగ్రీలు వేడిగా ఉంటుంది, అది తీసేస్తే 44. దాన్ని 125తో భాగిస్తే వాటుకు 0.35 డిగ్రీలు. పాత కూలర్ మొదట చూపించింది 0.7, సరిచేసి గాజు తీశాక 0.58. కొత్తది అందులో సగానికి దగ్గరగా రావాలి. కూలర్ డబ్బా మీద కంపెనీలు రాసే "ఇన్ని వాట్లకు సరిపోతుంది" అన్న అంకెను నేను పట్టించుకోను. ఏ గదిలో, ఎన్ని డిగ్రీల దగ్గర అన్నది దాని పక్కన ఉండదు. మన ప్రాసెసర్ మీద ఎవరైనా గది వేడితో సహా కొలిచి చెప్పిన లెక్క దొరికితే అదే పనికొస్తుంది.

ఒక టవరు (ఫిన్ల దొంతర), నాలుగు హీట్‌పైపులు (వేడిని ఫిన్లకు చేర్చే గొట్టాలు) ఉన్న కూలర్లు 125 వాట్లను మోయగలవు. కానీ ఈ గదిలో ఫ్యాన్ బాగా వేగంగా తిరగాల్సి వస్తుంది. అందుకే రెండు టవర్లవైపు వెళ్లాను. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ తీసుకున్నాం. ఆరు హీట్‌పైపులు, 120 మి.మీ. ఫ్యాన్లు రెండు, ఎత్తు 155 మి.మీ. 240 మి.మీ. రేడియేటర్ ఉన్న వాటర్ కూలర్లతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ.

ఇంకో కారణం కూడా ఉంది, సముద్రం పక్కన ఉన్నవాళ్లు దీన్ని గమనించాలి. తక్కువ ధర కూలర్లలో చాలావాటికి అడుగున రాగి హీట్‌పైపులు నేరుగా ప్రాసెసర్‌ను తాకుతాయి, వాటి మధ్య అల్యూమినియం దిమ్మ ఉంటుంది. పొడి ఊళ్లో ఇది మంచి ఏర్పాటే. కానీ రాగి, అల్యూమినియం పక్కపక్కనే తగులుతూ ఉప్పు తడి చేరితే అల్యూమినియం క్రమంగా తినేయబడుతుంది. మనం తీసుకున్నదానికి అడుగు మొత్తం రాగి పలక, పైన నికెల్ పూత. పైపుల మీదా పూతే. తుప్పు అసలే పట్టదని కాదు, నిదానంగా పడుతుంది.

హీట్‌పైపు గురించి ఒక మాట. అది గట్టి రాగి కడ్డీ కాదు. లోపల గాలి తీసేసి, కాస్త నీరు ఉంచి, రెండు కొసలూ మూసేసిన గొట్టం. గాలి లేదు కాబట్టి నీరు తక్కువ వేడికే ఆవిరవుతుంది. ఆవిరి ఫిన్ల వైపు వెళ్లి, అక్కడ వేడి వదిలి మళ్లీ నీరవుతుంది. గొట్టం లోపలి గోడకు అంటుకున్న రాగి పొడి పొర ఆ నీటిని పీల్చి కిందికి తెస్తుంది. అందుకే గొట్టం ఎక్కడైనా నొక్కుకుపోయినా, చీలినా ఆ పైపు పని అయిపోయినట్టే. సెకండ్ హ్యాండ్ కూలర్ కొనేటప్పుడు పైపులు వంగాయేమో ముందు చూడండి.

కొనేముందు చివరి కొలత క్యాబినెట్‌ది. స్కేలు తీసుకుని ప్రాసెసర్ మూత మీద నుంచి సైడ్ ప్యానెల్ ఆనే అంచు దాకా కొలిచాను. 165 మి.మీ. వచ్చింది. 155 కూలర్ దూరుతుంది. కానీ ర్యామ్ కర్రలు రంగు లైట్లవి, పొడుగ్గా ఉన్నాయి. ముందు ఫ్యాన్ వాటి మీదికి వస్తుంది, దాన్ని కొంచెం పైకి జరపాలి. అందుకు చోటు మిగలాలి. ఈ లెక్క చూడకుండా 165 మి.మీ. కూలర్ తెచ్చి, సైడ్ ప్యానెల్ మూతపడక అలాగే తెరిచి వాడుతున్న ఇళ్లు నేను చూశాను.

బిగింపు

పాత కూలర్ తీసేముందు మెషీన్‌ను కాసేపు నడిపి వేడెక్కించాను. చల్లటి పేస్ట్ బంకలా పట్టుకుంటుంది. ఇంటెల్ సాకెట్‌లో (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోట) ప్రాసెసర్ మీద తాళం ఉంటుంది కాబట్టి అది ఊడి రాదు. ఏఎండీ కంపెనీ ఏఎం4 సాకెట్ రైజెన్ ప్రాసెసర్లలో మాత్రం కూలర్‌ను నిట్టనిలువుగా లాగితే ప్రాసెసర్ కూడా పిన్నులతో సహా ఊడి వస్తుంది. అక్కడ మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయాలి.

ప్లగ్ పీకి, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటిచ్చే డబ్బా) స్విచ్ ఆపి, క్యాబినెట్‌ను బల్ల మీద పడుకోబెట్టాను. ప్రాసెసర్ మూత మీది పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో మెరిసేదాకా తుడిచాను. ప్రాసెసర్‌ను సాకెట్ నుంచి తీయలేదు. కింద సాకెట్‌లో ఉండే సన్నటి పిన్నుల్లో ఒకటి వంగినా బోర్డు పోతుంది, అవసరం లేకుండా ఆ తాళం తెరవకూడదు.

ఈ సాకెట్ పేరు ఎల్‌జీఏ1700. పాత ఇంటెల్ బోర్డుల్లో కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మి.మీ., ఇందులో 78 మి.మీ. అందుకే ఇంట్లో పాత కూలర్ ఉందని పెట్టబోతే కుదరదు, ఈ సాకెట్‌కు తగిన కిట్ కావాలి. కొత్త కూలర్ బోర్డు వెనక పెట్టే లోహపు పలకతో వచ్చింది. క్యాబినెట్ వెనక ప్యానెల్‌లో కోత పెద్దగా ఉండటంతో మదర్‌బోర్డు ఊడదీయకుండానే దాన్ని పెట్టగలిగాను. ఆ పలక బోర్డు వెనక ఏ టంకం మొనకూ తగలకుండా సర్దాలి. తర్వాత ఇటువైపు నుంచి స్పేసర్లు, వాటి మీద రెండు లోహపు పట్టీలు, చేతి నట్లు.

పట్టీలు బిగించాక కూలర్ పెట్టేముందు చేయాల్సిన పని ఒకటుంది. ప్రాసెసర్‌కు కరెంటిచ్చే ఎనిమిది పిన్నుల తీగ బోర్డు పై మూలలో ఉంటుంది. పెద్ద కూలర్ కూర్చున్నాక అక్కడికి వేళ్లు వెళ్లవు. ఫ్యాన్ పిన్నులు కూడా దాదాపు అక్కడే. ఆ తీగ గట్టిగా దిగి ఉందో లేదో ముందే చూసుకున్నాను.

థర్మల్ పేస్ట్ గురించి వాదనలు చాలా ఉంటాయి. ఈ ప్రాసెసర్ మూత చతురస్రం కాదు, పొడుగు. సాకెట్ తాళం దాన్ని మధ్యలో రెండు పక్కలా నొక్కుతుంది, దాంతో మూత మధ్యభాగం వెంట్రుకవాసి లోపలికి వంగుతుంది. మధ్యలో ఒక్క చుక్క పెడితే పొడుగు కొసలకు పేస్ట్ చేరకపోవచ్చు. నేను మధ్యలో ఒక పెద్ద చుక్క, నాలుగు మూలల వైపు చిన్న చుక్కలు నాలుగు పెడతాను. కాస్త ఎక్కువైనా నష్టం లేదు, నొక్కుడికి బయటికి వచ్చేస్తుంది. తక్కువైతేనే బాధ. ఆ వంపును తగ్గించే కాంటాక్ట్ ఫ్రేములు కూడా అమ్ముతారు. 125 వాట్ల దగ్గర వాటి అవసరం నాకు కనబడలేదు. పైగా అవి పెట్టాలంటే సాకెట్ తాళం విప్పాలి, దాన్ని సమంగా బిగించకపోతే ర్యామ్ గుర్తుపట్టకపోవడం లాంటి కొత్త తలనొప్పులు మొదలవుతాయి.

కూలర్ అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాన్ని పీకాలి. కంగారులో అది మరిచి బిగించిన కూలర్లు రిపేరుకు వస్తూనే ఉంటాయి.

ఫ్యాన్లు ముందే తీసేసి, కూలర్‌ను నిట్టనిలువుగా దించాను. పెట్టాక జరపకూడదు, జరిపితే పేస్ట్ ఒక పక్కకు పోతుంది. మధ్యలో స్ప్రింగు ఉన్న స్క్రూలు రెండు. వీటిలో ఒకదాన్ని చివరిదాకా బిగించి రెండోదానికి వెళ్తే పాత కూలర్ కథే మళ్లీ, ఒక పక్క లేచిపోతుంది. రెండింటినీ చేత్తో రెండు మూడు మరలు పట్టించి, తర్వాత పొడుగు స్క్రూ డ్రైవర్‌తో ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు తిప్పుతూ వచ్చాను. మర చివరికి వచ్చి దానంతటదే ఆగుతుంది. అక్కడ ఆపేయాలి. ఒత్తిడి ఎంత ఉండాలన్నది ఆ స్ప్రింగు చూసుకుంటుంది, మన చేతి బలం కాదు.

ఫ్యాన్లలో ఒకటి ర్యామ్ వైపు, రెండోది రెండు టవర్ల మధ్య. రెండూ గాలిని వెనక ఎగ్జాస్ట్ ఫ్యాన్ వైపే తోయాలి. చట్రం ఉన్న వైపు, అంటే స్టిక్కర్ కనబడే వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. చేయి పెట్టి చూస్తే చాలు. ముందు ఫ్యాన్‌ను ర్యామ్ తగలకుండా పైకి జరిపి క్లిప్పు వేశాను, మొత్తం ఎత్తు 160 దాకా వచ్చింది, ప్యానెల్ హాయిగా మూతపడింది. రెండు ఫ్యాన్లనూ వై ఆకారం తీగతో ప్రాసెసర్ ఫ్యాన్ పిన్నులకే కలిపాను. అలా కలిపితే బోర్డుకు ఒక ఫ్యాన్ వేగమే కనబడుతుంది. రెండోది ఆగినా హెచ్చరిక రాదు. కాబట్టి అప్పుడప్పుడు కంటితో చూడమని చెప్పాను.

గాజు ప్యానెల్ తీసేయడానికి ఓనర్ గారు ఒప్పుకోలేదు. కస్టమర్లకు కనబడే బల్ల మీద ఉంటుంది, ఆ మాట నిజమే. గాజును పట్టుకునే నాలుగు చిన్న స్టాండాఫ్‌ల చోట హార్డ్‌వేర్ షాపులో పొడుగువి తీసుకుని వేశాను. గాజు రెండు సెంటీమీటర్లు ముందుకు వచ్చింది, చుట్టూ గాలికి దారి ఏర్పడింది. దాని వెనక సన్నటి నైలాన్ జాలీ పెట్టాను. గాజు పూర్తిగా తీసినప్పటికీ, ఇలా జరిపినప్పటికీ తేడా ఒక్క డిగ్రీ.

బయోస్‌లో రెండు పవర్ లిమిట్లూ 125. ఈ ప్రాసెసర్ వేడి ఒక్క క్లిక్కుకే పది డిగ్రీలు ఎగిరి దిగుతుంది. ఫ్యాన్ దాని వెంట పరిగెడితే చికాకు. అందుకే 50 డిగ్రీల దాకా 30 శాతం వేగం, 70 దగ్గర 60 శాతం, 85 దగ్గర పూర్తి వేగం అని గీత గీసి, వేగం మారడానికి మూడు సెకన్ల ఆలస్యం పెట్టాను.

ఫలితం

గది మళ్లీ 33 ఉన్న మధ్యాహ్నమే పరీక్ష పెట్టాను. 125 వాట్ల దగ్గర అరగంట నడిచాక 76 డిగ్రీలు, అంటే గది మీద 43, వాటుకు 0.34. పవర్ ఒక్క వాటు కూడా కిందికి జారలేదు. తెలుసుకోవడానికి 180 పెట్టి చూస్తే 94 వచ్చింది. థ్రాట్లింగ్ లేదు కానీ ఫ్యాన్లు పూర్తి వేగంలో ఉన్నాయి. మళ్లీ 125కే తెచ్చాను. నలభై నిమిషాలు దాటిన ఫైలు ఇప్పుడు పొద్దున పెట్టినా మధ్యాహ్నం పెట్టినా ఇరవై ఎనిమిది నిమిషాల దగ్గర ముగుస్తోంది. శబ్దం సీలింగ్ ఫ్యాన్ కింద కలిసిపోతోంది. ఏసీ వేసి గదిని 25కు తెస్తే ప్రాసెసర్ 68కి వచ్చింది. గది ఎనిమిది తగ్గితే అదీ ఎనిమిదే తగ్గింది.

ఇక దుమ్ము సంగతి. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ తేమను పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. విశాఖ తీరంలో తేమ చాలా రోజులు ఆ గీత దగ్గరో, పైనో ఉంటుంది. సముద్రపు గాలితో వచ్చిన ఉప్పు ఫిన్ల మీద పడి తడిగా ఉంటుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది, ఎండినప్పుడు గట్టిపడుతుంది. పాత కూలర్ మీద బ్లోయర్ పని చేయకపోవడానికి కారణం అదే. దీన్ని పేరుకోనివ్వకూడదు. జాలీని పదిహేను రోజులకోసారి మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టమన్నాను. నెలకోసారి బ్లోయర్, ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకునే కొట్టాలి. గాలికి అవి హద్దు మీరి తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది, బోర్డులోకి ఎదురు కరెంటు వెళ్లే ప్రమాదం కూడా ఉంది. ఏడాదికోసారి ఫ్యాన్లు తీసి, మెత్తటి బ్రష్షుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది ఫిన్లు తుడవాలి. నీళ్లు వద్దు.

కంప్యూటర్‌ను కిటికీ పక్క నుంచి జరిపి లోపలి గోడ వైపు పెట్టించాను. అన్నిటికన్నా చవకైన మార్పు ఇదే, ఉప్పు గాలి నేరుగా తగలడం తగ్గుతుంది. క్యాబినెట్‌ను ఎక్కడికైనా తీసుకెళ్లాల్సి వస్తే నిలబెట్టి ఆటోలో వేయవద్దని కూడా చెప్పాను. ముప్పావు కేజీ బరువు బోర్డు మీద పక్కకు వేలాడుతూ ఉంటుంది, గుంతల్లో ఊగుతుంది. మదర్‌బోర్డు కిందికి వచ్చేలా పడుకోబెట్టి తీసుకెళ్లాలి.

వానలు తగ్గాక మళ్లీ చూశాను. గది 30, అదే 125 వాట్ల దగ్గర ప్రాసెసర్ 74. గది మీద 44, మేలో వచ్చినదానికి ఒక్కటే ఎక్కువ. జాలీ కడిగి పెట్టాక అది కూడా పోయింది. ఫిన్ల మీద జిగట పొర లేదు, పట్టీల నట్లకు మాత్రం సన్నగా తుప్పు మొదలైంది. వచ్చే వేసవికి ముందు ఆ నట్లు మార్చి, పేస్ట్ అచ్చు ఇంకోసారి చూస్తాను.